ఆపు అని ఎవరైనా అనొచ్చు

ఊరి పేరు దుకుమ్.
మా రూములోళ్లు దుక్కం అంటరు.
దుక్కంల ఎన్నేండ్లాయె లింబాద్రీ అని అడిగి
వాళ్లే నవ్వుతరు.
ఆరేండ్లాయె.

నా పని నోటితోని కాదు.
సముద్రం ఒడ్డుకు, ఇరవై టన్నుల ఇనుప దూలం ముంగట
పచ్చ జాకెట్టు తొడుక్కొని నిలబడ్త.
చూపుడువేలు మీదికి పెట్టి తిప్పితే, లేపు.
కిందికి పెట్టి తిప్పితే, దించు.
రెండు చేతులు బార్లా చాపితే, ఆపు.
పైన క్యాబిన్ల మొఫిజుల్, బరిసాల్ దిక్కు మనిషి.
ఆయన బంగ్లా నాకు రాదు, నా తెలుగు ఆయనకు రాదు,
ఇద్దరికి కలిపి హిందీ ఒక పిడికెడు.
ఇయ్యాల్టిదాంక ఒక్క దూలం ఎవరి నెత్తిన పడలే.

పరీక్షకు మస్కట్ పోయిన.
రాత్రి బస్సు. కిటికీ అవుతల
ఏమీ లేకపోవుడే కిలోమీటర్లకు కిలోమీటర్లు.
సినావ్ కాడ చాయ్‌కి ఆపితే
గ్లాసు పట్టుకొని నాలోనే నేను ఇంగ్లిషు మాట్లాడిన,
పక్కన మేకల బండాయన ఎగాదిగ చూసిండు.

గాజుగోడల గది. చల్లగ, ఆస్పత్రి లెక్క.
“మీ ఇంట్ల మీకు ఇష్టమైన గది గురించి
రెండు నిమిషాలు చెప్పండి” అన్నది మేడం.
పన్నెండు మంచాల రూము. మీది మంచం నాది.
గది అననా, మంచం అననా,
మంచం చుట్టు కట్టుకున్న లుంగీ పరద అననా?
ఆ పరద లోపటనే కద నా ఇల్లు.
పరదకు ఇంగ్లిషుల ఏమంటరో యాదికి రాలే.
చేతులే లేచినయి.
గాలిల పరద గీసిన, పక్కకు జరిపిన,
లోపటికి పోయి పండుకున్న.
ఆమె నా చేతుల దిక్కు చూడలే.
గడియారం చూసింది.

మాట్లాడుడు నాలుగున్నర. రాసుడు అయిదు.
వినుడు ఆరు.
వినుడు ఆరంటే నమ్మబుద్ధయింది,
వచ్చినప్పటి సంది అదే పని కద.

రూవిల బంగారం దుకాణం మీద షీజ మేడం ఆఫీసు.
మ్యాపుల బియ్యపు గింజంత దేశం మీద గోరు పెట్టి
“అయిదుకు కూడ పిలిచే కాలేజీలున్నయి,
ముందుగాల ఆర్నెల్లు ఇంగ్లిషు కోర్సు,
దాని ఫీజు అలగ్” అన్నది.
అలగ్. ఆ ఒక్క మాట లేపాలంటే
మా సైటుల ఏ క్రేనూ సరిపోదు.
పైసలు కదలకుండ మూడు నెలలు
అకౌంటుల పండుకోవాలెనట.
నాకన్న వాటికే మంచి నిద్ర.

పనిల చేరిన దినం ఒక రూలు చెప్పిండ్రు:
లేపు అని ఒక్కడే చెప్పాలె, సైగలిచ్చేటోడు.
ఆపు అని మాత్రం ఎవ్వరు చెప్పినా ఆగాలె,
ఊడ్చేటోడు చెప్పినా సరే.
మంచి రూలే అనుకున్న అప్పుడు.
ఇప్పుడు లెక్కపెడుతున్న.
నాలుగున్నర ఆపు అన్నది.
బ్యాంకోడు ఆపు అన్నడు.
క్యాంపు బాసు సొరుగు తియ్యకముందే,
నా పాస్‌పోర్టు మొఖం నాకు చూపెట్టకముందే, ఆపు.
ముప్పయొక్కేండ్లకు చదువేందిరా అని
మా అన్న ఫోన్ల ఆపు.
లేపు అనేటోడు ఒక్కడు,
వాడు ఏ ఆఫీసుల ఏ కుర్చీల కూసున్నడో.

నిన్న గాలి ఎక్కువైంది, పని బంద్ పెట్టిండ్రు.
దూలం కిందనే ఉన్నది. మొఫిజుల్ మీదనే ఉన్నడు.
వాకీటాకీ గురగురమన్నది:
“లింబా. యువర్ రూమ్. స్పీక్.”
ఆయన ఇంగ్లిషు నా అంత కూడ కాదు.
చెప్పిన.
చేతులు జేబుల పెట్టుకొని చెప్పిన.
పన్నెండు మంచాలు, ఒక్క ఫ్యాను,
మీది మంచం, నీలం లుంగీ...
లుంగీ కాడ మళ్ల ఆగిన.
గాలి చప్పుడు. సముద్రం చప్పుడు.
గంత ఎత్తుకెల్లి ఒక్క మాట దిగింది, మెల్లగ,
తాడు ఊగకుండ:
“కర్టెన్.”

ఢాకాల గుడ్డల మిల్లుల కుట్టిండట, ఏండ్ల కింద.
నాకు తెల్వదు. ఎప్పుడు అడగలే.
హెల్మెట్ లోపట రాసుకున్న,
చెమట తాకని కాడ.
గాలి తగ్గినంక
దూలం లేపినం.